కాజాలే మిగిలాయి

టైలరు నోట "అయిపోయింది, కాజాలే మిగిలాయి" అన్న మాట వచ్చిందంటే మీరు వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ రోజు మీ చొక్కా మీకు దొరకదు. చాలాసార్లు ఆ గుడ్డ ఇంకా కత్తెర మొహం కూడా చూసి ఉండదు. కుట్టుపని చేసే ప్రతివాళ్ళూ ఈ అబద్ధం ఆడతారో లేదో నాకు తెలీదు గానీ, వీధి మూల దుకాణంలో మాస్టారు మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజుకి నాలుగుసార్లైనా ఆడేవారు. ఆయనకి అది అబద్ధమని అనిపించేది కూడా కాదు. ఎదుటిమనిషి మొహం చిన్నబోతే చూడలేరు, అంతే. వచ్చినవాళ్ళు నవ్వుతూ మెట్లు దిగితే చాలు, చొక్కా సంగతి రేపు చూసుకోవచ్చు.

లోపలి గదిలో కూర్చుని నిజంగా కాజాలు, అదే గుండీలు పట్టే రంధ్రాలు, కుట్టేది ఆయన భార్య. వీధిలో అందరూ ఆవిడని కాజాలమ్మ అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే ఓ క్షణం ఆగి ఎవర్నో అనుకుంటుంది. ముందు గదిలోంచి ఆ మాట వినపడినప్పుడల్లా ఆవిడ తన ఒడి వంక చూసుకునేది. ఒడిలో చొక్కా ఉండేది కాదు. "నాకు తెలీకుండా నా కాజాలు ఎక్కడ మిగిలాయో!" అని గొణుక్కుని నవ్వుకునేది. తర్వాత ఆ నవ్వు తలుచుకుని ఎంత ఏడ్చిందో ఆవిడకే తెలుసు.

మాస్టారికి నడుం నొప్పి కొత్త కాదు. పగలంతా మిషను మీదికి వంగి కూర్చునే మనిషికి నడుం నొప్పి రాకపోతే ఆశ్చర్యం. కానీ ఆ ఏడు అది నడుంతో ఆగలేదు. ఎడమ పిర్రలోంచి తొడ వెనకగా, పిక్క మీదుగా బొటనవేలి దాకా సలుపుతూ దిగింది. తుమ్మితే చాలు, మనిషి బల్ల పట్టుకుని నిలబడిపోయేవారు. చేతికందిన నూనెలన్నీ అయ్యాయి, ఎవరో ఇచ్చిన బెల్టు అయింది, ఎదురింటి పంతులమ్మ చెప్పిన చెక్కమంచం అయింది. చివరికి కాజాలమ్మే చెయ్యి పట్టుకుని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి లాక్కెళ్ళింది.

ఆ అమ్మాయి వయసులో చిన్నదే గానీ మాటలో తడబాటు లేదు. "వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ పక్కకి జరిగి నరాన్ని నొక్కుతోందండీ. దీన్ని సయాటికా అంటాం. మందుకంటే మీ అలవాట్లే దీనికి ముఖ్యం," అని ఓ అట్టలాంటి మందపాటి కాగితం చేతిలో పెట్టింది. అరగంటకోసారి కుర్చీలోంచి లేవాలి. కింద వస్తువు తీసేటప్పుడు నడుం కాదు, మోకాళ్ళు వంచాలి. పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోవాలి. పొద్దునా సాయంత్రం నడవాలి. వేడినీళ్ళ సంచికి గుడ్డ చుట్టి పావుగంట కాపడం పెట్టాలి. రోజూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకోవాలి. ఆ కింద ఇంకా ఏదో సన్నటి అక్షరాల్లో ఉంది. "అది కూడా తప్పకుండా చదవండి," అంది ఆ అమ్మాయి. మాస్టారు చదివినట్టే తల ఊపారు.

కాజాలమ్మకి పని దొరికింది. ఆవిడ ఏదైనా పట్టుకుందంటే ఇక వదలదు. ఆ కాగితాన్ని మిషను ఎదురుగా, అద్దానికీ టేపులు వేలాడేసే మేకుకీ మధ్య అంటించాలనుకుంది. ఆ చోటుకి నాలుగు వేళ్ళు పొడుగైంది. ఎక్కువైన గుడ్డ చూస్తే కుట్టుపనివాళ్ళ చెయ్యి ఊరుకోదు కదా! కత్తెర తీసుకుని ఆ కింది సన్నక్షరాల పట్టీని కచుక్కున తీసేసింది. పారేయలేదు. గట్టి కాగితం, పనికొస్తుందని మడతపెట్టి, దాని మీద కాజాల దారం చుట్టుకుంది. దారం చుట్టే పాత అట్ట ఎలాగూ నలిగిపోయింది.

పక్కనే గోడ మీద టైలరు సుద్దతో మార్కులు మొదలయ్యాయి. మొదటి రోజు ఎనిమిది.

ఆవిడ ఇల్లంతా అలవాట్లతో నింపేసింది. వంటింట్లోని అలారం గడియారం మిషను పక్కకి వచ్చి అరగంటకోసారి గొంతు చించుకునేది. అది మోగగానే మాస్టారు లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేవారు. కింద ఉండేవన్నీ బల్లల ఎత్తుకి చేరాయి, నేల మీద ఒక్క మూట ఉంచలేదు. మిషను కుర్చీ మీద మెత్త, నడుం వెనక చుట్టిన తువ్వాలు. పొద్దున వీధి చివరి దాకా నడక, సాయంత్రం మళ్ళీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక వేడినీళ్ళ సంచి. ఆవిడ స్వయంగా నీళ్ళు కాచి, సంచిలో పోసి, గుడ్డ చుట్టి, కుర్చీలో సర్ది, "కూర్చోండి" అనేది. మాస్టారు బుద్ధిగా కూర్చునేవారు.

"ఎంతండీ ఇవాళ?"

"ఏడు."

ఇంకో నాలుగు రోజులకి ఆరు. తర్వాత అయిదు. తర్వాత నాలుగు. అంకె తగ్గిన రోజు ఆవిడ మొహం వెలిగేది. ఆ వెలుగు మాస్టారు చూసేవారు. చూసినవారు మర్నాడు ఏ అంకె చెబుతారో మీరే ఊహించుకోండి. పంతులమ్మ వచ్చి గోడ చూసి బుగ్గలు నొక్కుకుంది. "నువ్వు డాక్టరువి కావలసిందమ్మా!" అంది. ఆవిడ ఆ మాటని మూడు రోజులు నెమరేసుకుంది.

ఆ వారంలోనే సెక్యూరిటీ కంపెనీ మేనేజరు వచ్చాడు. కాపలావాళ్ళకి నలభై యూనిఫారం చొక్కాలు, పన్నెండు రోజుల్లో కావాలన్నాడు. మాస్టారు కాదనలేదు. కాదనడం ఆయనకి చేతకాదు. గుడ్డ తాను ఒకటి వచ్చి ముందు గదిలో నేల మీద పడింది. కాజాలమ్మ వంటింట్లో ఉంది. బయట ఏదో బరువుగా బల్ల మీద పడిన చప్పుడు, ఆ వెంటనే మనిషి ఊపిరి బిగబట్టినట్టు చిన్న శబ్దం వినిపించాయి. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి గుడ్డ తాను బల్ల మీద ఉంది. మాస్టారు రెండు చేతులూ బల్లకి ఆనించి నిలబడి ఉన్నారు. పెదవుల చుట్టూ తెల్లగా పాలిపోయింది.

"ఎవరెత్తారు దాన్ని?"

"మేనేజరు డ్రైవరు పెట్టి వెళ్ళాడులే."

"మరి మీకేమైంది?"

"ఏముంది, ఎండలోంచి వచ్చా." ఆయన ఆ రోజు ఎండలోకి వెళ్ళనే లేదు. ఆవిడ నమ్మింది. గోడ మీద నాలుగు ఉన్న చోట ఆ రోజు ఆయన చెప్పినట్టే మూడు రాసింది.

ఆ తర్వాత ఇంట్లో చప్పుళ్ళు మారాయి. ముందుగా అలారం తగ్గింది. కత్తిరించిన గుడ్డల దొంతర కింద అది కుక్కి ఉందని ఆవిడకి చాలా తర్వాత తెలిసింది. పని తొందరలో లేవడం లేదేమోనని అడిగితే, "లేస్తూనే ఉన్నా, నువ్వే చూట్టం లేదు," అనేవారు. తర్వాత మిషను చప్పుడు మారింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ తొక్కుడు వింటూ ఆవిడ కాజాలు కుడుతోంది. కళ్ళు మూసుకున్నా ఆయన కాలరు కుడుతున్నారో చేతులు కుడుతున్నారో చెప్పగలదు. ఇప్పుడు నాలుగు తొక్కులు సరిగ్గా పడి, అయిదోది తడబడేది. చక్రం వెనక్కి తిరిగి దారం తెగేది.

"కాలు కుదరట్లేదా ఏంటి?"

"మిషనుకి నూనె వెయ్యాలి. దానికీ వయసొచ్చింది."

చొక్కాకి ఏడు కాజాలు. నలభై చొక్కాలు. ఆవిడ రోజంతా సూదితోనే ఉండేది. అట్ట మీది దారం పొర తర్వాత పొర కరిగిపోతోంది. ఆదివారం నాడు అట్ట అంచున ఓ మాట బయటపడింది. 'అనుకోకండి' అని ఉంది. "ఏం అనుకోకూడదట?" అని నవ్వుకుని, సూదిలో దారం ఎక్కించుకుని మళ్ళీ పనిలో పడింది.

మంగళవారం పొద్దున మాస్టారు మంచం మీద కూర్చుని కాలు వంకే చూస్తున్నారు. మొహంలో భయం లేదు. పోయిన వస్తువు ఇంట్లోనే దొరికినవాడిలా ఉన్నారు.

"ఏమే, లేదు."

"ఏం లేదు?"

"నొప్పి. అస్సలు లేదు. పిర్రలో లేదు, పిక్కలో లేదు. ఎవరో తుడిచేసినట్టు పోయింది."

ఆవిడ ఓ క్షణం నమ్మలేదు. తర్వాత గోడ దగ్గరికి పరుగెత్తి సుద్ద అందుకుంది. పెద్ద సున్నా చుట్టింది, అద్దం ఎంత ఉందో అంత సున్నా. తన చేతుల మీదుగా ఓ మనిషి బాగుపడ్డాడంటే ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు! తగ్గుతూ వచ్చిన అంకెల్లో ఆ సున్నా ఒక్కటే నిజమని, అదే అన్నిటికంటే చెడ్డదని ఆవిడకేం తెలుసు?

ఆ సాయంత్రం మాస్టారు నడకకి వెళ్ళి వచ్చారు. ఆయన వెనకే పంతులమ్మ ఒక చెప్పు చేత్తో పట్టుకుని వచ్చింది. "మాస్టారూ, కొత్త ఫ్యాషనా? వీధి చివర ఒక చెప్పు వదిలేసి ఒంటి చెప్పుతో వస్తున్నారు!" అని పడీ పడీ నవ్వింది. మాస్టారు కిందికి చూసుకున్నారు. ఎడమ కాలు ఖాళీగా ఉంది. బొటనవేలి గోరు చీరుకుపోయి నెత్తురు మట్టితో కలిసి ఆరిపోయింది. ఆయనా నవ్వారు. కాజాలమ్మ కూడా నవ్వబోయి, ఆ వేలు చూసి ఆగిపోయింది. వేలు చీరుకుపోయిన మనిషి ఇల్లు చేరేదాకా చూసుకోకపోవడం ఏమిటి?

"తెలీలేదాండీ?"

"ఏదో ఆలోచిస్తూ నడిచా."

బుధవారం ఆయన స్నానాల గదిలో చాలాసేపు ఉండిపోయారు. కుళాయి నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. "ఊరందరికీ మీరే నీళ్ళు పడుతున్నారా?" అని ఆవిడ తలుపు తట్టింది. బయటికి వచ్చిన మనిషి నుదుటి మీద చెమట. పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుని ఉన్నారు. ఏమిటని అడిగితే, "ఏం లేదు, నువ్వు పద," అన్నారు. ఆ మధ్యాహ్నం కాపడం పెడితే నీళ్ళు చల్లగా ఉన్నాయన్నారు. ఆవిడ మళ్ళీ కాచి పోసింది. గోడ మీద రెండో సున్నా పడింది. ఈసారి ఆవిడ దాన్ని అంత పెద్దదిగా చుట్టలేదు. ఎందుకో తెలీదు, చెయ్యి రాలేదు.

గురువారం మధ్యాహ్నం. ముప్ఫైఆరు చొక్కాలు మడతల్లో ఉన్నాయి. ఆవిడ సంచి నింపి, గుడ్డ చుట్టి, కుర్చీలో సర్ది, తన సూది తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. రెండు కాజాలు కుట్టేసరికి మాస్టారు అటూ ఇటూ కదిలారు.

"ఇవాళ కూడా నీళ్ళు సరిగ్గా కాగలేదే. చల్లారిపోయినట్టుంది. కాస్త మరగనిచ్చి పొయ్యకూడదూ?"

ఆవిడ చొక్కా పక్కన పెట్టి లేచింది. సంచి తీద్దామని ఆయన తొడ కిందికి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి లాక్కుంది. వేళ్ళు కాలాయి. చుట్టిన గుడ్డ ఎప్పుడు ఊడిపోయిందో, కుర్చీ కాళ్ళ దగ్గర పడి ఉంది. ఒట్టి రబ్బరు, అందులో సలసల కాగిన నీళ్ళు. మనిషి దాని మీద తీరిగ్గా కూర్చుని గోడ వంక చూస్తున్నారు.

"లేవండి," అంది. "లేవండి, లేచి నిలబడండి!"

ఆయన బల్ల పట్టుకుని లేచారు. ఎడమ పాదం నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. ఆవిడ ఆయన ప్యాంటు కిందికి దించి చూసింది. పిర్ర కింద, తొడ వెనక అరచేయంత మేర చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది. మధ్యలో బొబ్బ ఉబ్బి, దాని తోలు అప్పుడే చిట్లి నీరు కారుతోంది.

"ఏమైందే? ఏం చూస్తున్నావ్?" అని మాస్టారు మెడ తిప్పి మామూలుగా అడిగారు. ఆ మామూలుతనానికే ఆవిడకి భయమేసింది. ఒళ్ళు కాలుతున్న మనిషి ఏమైందని పక్కవాళ్ళని అడుగుతున్నాడు.

ఆవిడ చూపు కుర్చీ పక్కన వదిలేసిన చొక్కా మీద, దాని మీదున్న దారం అట్ట మీద పడింది. దారం ఇంక రెండు చుట్లే ఉంది. దాన్ని లాగేసి మడత విప్పింది. సన్నటి అక్షరాలు, సూదిలో దారం ఎక్కించే కళ్ళకి అవేం పెద్ద కష్టం కాదు. 'నొప్పి ఒక్కసారిగా పోయి కాలు గానీ, కూర్చునే చోటు గానీ మొద్దుబారితే, పాదం జారిపోతుంటే, ఒంటేలుకి ఇబ్బంది అయితే, తగ్గిందని అనుకోకండి. నరం చచ్చుబడుతోందని అర్థం. ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళండి.'

ఈ ముక్క తన చేత్తోనే కత్తిరించింది. ఇన్ని రోజులుగా తన వేళ్ళ మధ్యే పెట్టుకుని తిరిగింది.

"ఒంటేలుకి వెళ్ళి ఎంతసేపైంది?" అని అడిగింది.

మాస్టారు ప్యాంటు పైకి లాక్కోబోయారు.

"మిమ్మల్నే! నా మీద ఒట్టేసి చెప్పండి."

"నిన్న పొద్దున... అదీ సరిగ్గా రాలేదు," అన్నారు నేల చూపులు చూస్తూ. "నువ్వు సున్నా చుట్టి అంత సంబరపడ్డావు కదా. చెప్పబుద్ధి కాలేదు."

టాక్సీలో ఆవిడ ఆయన ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా గోటితో గిచ్చుతూనే ఉంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు.

ఆసుపత్రిలో డాక్టరు ఆయన్ని పక్కకి తిప్పి గుండుసూదితో ఒక్కోచోటా తాకించాడు. తాకినప్పుడల్లా చెప్పమన్నాడు. గదిలో చాలాసేపు ఎవరూ ఏమీ చెప్పలేదు. స్కానింగు అయ్యాక డాక్టరు ఆవిడని బయటికి పిలిచాడు. బిళ్ళ పూర్తిగా జారి నరాల కట్టనంతా నొక్కేసిందనీ, వెంటనే ఆపరేషను చెయ్యాలనీ చెప్పి, "నొప్పి ఎప్పుడు పోయిందమ్మా?" అని అడిగాడు.

"మంగళవారం పొద్దున."

డాక్టరు మంగళవారం నుంచి వేళ్ళు మడిచాడు. "ఆ రోజే తెచ్చుంటే ధైర్యంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను. అసలు అంతకుముందు నొప్పి బాగా పెరిగి ఉండాలే, ఏదైనా బరువెత్తారా?"

ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళే ముందు మాస్టారే ఒప్పుకున్నారు. ఆ గుడ్డ తాను ఎత్తింది ఆయనే, నడుం వంచే ఎత్తారు. ఆ రోజు నుంచి నొప్పి తొమ్మిదికి తక్కువ లేదు. అసలు మొదట్నించీ ఎనిమిది నుంచి దిగిందే లేదు. "నువ్వు అంత కష్టపడుతుంటే ప్రతి రోజూ ఎనిమిదే అని ఎలా చెప్పనే?" అన్నారు. ఆవిడకి కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీలేదు. ఆ మంచం చక్రాలు కదిలేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

నెలన్నర గడిచింది. ఒంటేలు తిప్పలు తగ్గాయి. బొబ్బ మాని మచ్చ మిగిలింది. ఎడమ పాదం మాత్రం పట్టీ కట్టుకుని కుర్చీ ముందు పీట మీద అలాగే ఉంది. నాలుగు చొక్కాలు తక్కువైనా ఆ మూటని మేనేజరు ఎప్పుడో పట్టుకుపోయాడు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆ తొక్కుడు చప్పుడు లేని ఇంట్లో కాజాలమ్మకి పగలు గడవడం లేదు.

నరం తేరుకుంటే స్పర్శ మెల్లగా పైనుంచి కిందికి వస్తుందనీ, మూడు నెలల్లో పాదం దాకా రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడు. రోజూ గోరువెచ్చటి గుడ్డతో తాకించి చూడమన్నాడు. "నిజం చెప్పండి మాస్టారూ, ఉన్నదున్నట్టు," అని మరీ మరీ అన్నాడు. మాస్టారు తల ఊపారు.

అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ గిన్నెలో నీళ్ళు పెట్టుకుని ఆయన పాదాల దగ్గర కూర్చుంటుంది. నీళ్ళు ముందు తన మోచేతి మీద పోసుకుని చూసుకుంటుంది. ఆయన్ని కళ్ళు మూసుకోమంటుంది. గోడ మీద పాత అంకెలు తుడిచేసింది, సుద్ద మాత్రం మేకు పక్కనే ఉంది. ఇన్నాళ్ళూ రాయడానికి ఏమీ దొరకలేదు.

ఆ రోజు కూడా అలాగే గుడ్డ తడిపింది. "చూస్తున్నా, చెప్పండి," అంది.

మాస్టారు కళ్ళు మూసుకుని కాసేపు చెవి రిక్కించి విన్నారు. గిన్నెలో నీళ్ళు కదిలిన చప్పుడైంది. ఆయన మొహం విప్పారింది.

"ఆఁ! తెలిసింది. వెచ్చగా తెలుస్తోందే, వేళ్ళ మీద!"

ఆవిడ కదల్లేదు. గుడ్డ ఇంకా గిన్నెలోనే ఉంది, ఆవిడ పిడికిట్లోంచి నీళ్ళు గిన్నెలోకే కారుతున్నాయి.

"బాగా తెలుస్తోందా?" అని అడిగింది.

"బాగానా? కాలు వచ్చేసినట్టే అనుకో," అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే, ఆవిడ సంబరం కోసం ఎదురుచూస్తూ. "అయిపోయింది. ఇంక కాజాలే మిగిలాయి."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో కాజాలు కుట్టేది ఆవిడే. ఆ మాటకి అర్థం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్డ పిండి, చల్లారిపోకముందే ఆ పాదం మీద పరిచి, దాని మీద తన నుదురు ఆనించింది. ఆయనకి అది తెలీలేదు.